వంతుల ఆటకు ఏ డిఫికల్టీ? సివిలైజేషన్ 6 మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. దేశాన్ని కట్టి ఏలే కంప్యూటర్ ఆట సివిలైజేషన్ 6లో ఒకే దేశాన్ని నలుగురైదుగురు వంతులవారీగా ఏలడం గురించి. ఒకరు పది టర్న్‌లు ఆడి, సేవ్ ఫైలు తర్వాతివాళ్లకు పంపుతారు. వాళ్లు ఇంకో పది ఆడి మూడోవాళ్లకు పంపుతారు. ఇంగ్లిష్‌లో దీన్ని సక్సెషన్ గేమ్ అంటారు. ఇక్కడ వంతుల ఆట అని రాస్తున్నాం.

ప్రశ్న: మేం ఐదుగురం. ఇంజినీరింగ్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లం. ఇప్పుడు ముగ్గురు హైదరాబాద్, ఒకడు పుణె, ఒకడు డల్లాస్. ఆదివారాలు కాల్‌లో కలుస్తాం. ఒకడు ఇమ్మోర్టల్ డిఫికల్టీ మీద గెలుస్తాడు. ఒకడు కింగ్, ఇద్దరం ప్రిన్స్. ఐదోవాడు పోయిన నెలే ఆట కొన్నాడు. ఇమ్మోర్టల్ వాడు ‘నేనున్నాగా, ఎంపరర్ పెట్టండి’ అంటున్నాడు. పెట్టొచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పెట్టొద్దు. అతను ఉండేది ఐదింట ఒక వంతు మాత్రమే.

ముందు ఎంపరర్ అంటే ఏమిటో చూడండి. డిఫికల్టీకి కింది నుంచి పైకి సెట్లర్, చీఫ్‌టెన్, వార్‌లార్డ్, ప్రిన్స్, కింగ్, ఎంపరర్, ఇమ్మోర్టల్, డీటీ అని ఎనిమిది మెట్లున్నాయి. ప్రిన్స్‌లో మీకూ కంప్యూటర్‌కూ లెక్క సమానం. అక్కడి నుంచి పైకి వెళ్తే కంప్యూటర్‌కు తెలివి పెరగదు, వాటా పెరుగుతుంది. మెట్టుకు 20 శాతం చొప్పున ప్రొడక్షన్, గోల్డ్. 8 శాతం చొప్పున సైన్స్, కల్చర్, ఫెయిత్ అదనం. యుద్ధబలం మెట్టుకు 1. అంటే ఎంపరర్‌లో ప్రొడక్షన్ 40 శాతం ఎక్కువ, డీటీలో 80 శాతం. వీటన్నిటికంటే ముఖ్యమైంది మొదటి టర్న్. మీకు ఒక సెట్లర్ (మెట్టు పేరు కాదు, కొత్త ఊరు కట్టే బృందం) ఉంటే ఎంపరర్‌లో కంప్యూటర్‌కు రెండుంటాయి, డీటీలో మూడు. మీరు రాజధాని కట్టేసరికే పక్కవాడికి రెండో ఊరు ఉంటుంది.

అందుకే పై మెట్లలో కష్టమంతా మొదటి 80 టర్న్‌లలోనే ఉంటుంది. ఆ గండం దాటితే మనిషి ఆలోచన ముందు కంప్యూటర్ నిలవలేదు. వంతుల ఆటలో చేతులు మారడం వల్ల ఎక్కువ నష్టం జరిగేది కూడా సరిగ్గా ఆ 80 టర్న్‌లలోనే.

ఉదాహరణకు టర్న్ 38లో రాజధానిలో సెట్లర్‌కు ఇంకో మూడు టర్న్‌లు ఉన్నాయి. ఫైలు చేతులు మారింది. కొత్తగా వచ్చినవాడికి అడవి అంచున బార్బేరియన్ (ఏ దేశానికీ చెందని దోపిడీ మూక) ఈటెగాడు కనిపించాడు. కంగారుపడి సెట్లర్‌ను ఆపి వారియర్‌ను మొదలుపెట్టాడు. పెట్టిన ప్రొడక్షన్ పోదు, అలాగే నిల్వ ఉంటుంది. కానీ వారియర్ అయ్యాక వాడికి బిల్డర్ (గనులూ పొలాలూ వేసే పనివాడు) కూడా కావాలనిపించింది. టర్న్ 41లో బయల్దేరాల్సిన సెట్లర్ 52లో బయల్దేరింది. నదీ, రెండు కొండలూ ఉన్న ఆ చోటికి చేరేసరికి పక్కదేశం జెండా ఎగురుతోంది. ఎవరూ పెద్ద తప్పు చేయలేదు, ఊరు మాత్రం పోయింది. ప్రిన్స్‌లో అయితే ఆ చోటు ఇంకో 15 టర్న్‌లు ఖాళీగా ఉండేది.

లెక్క ఇలా కట్టండి. ప్రతి ఒక్కరూ తాము సగానికి పైగా గెలిచే మెట్టు రాయాలి. ఎప్పుడో ఒక్కసారి గెలిచిన మెట్టు లెక్కలోకి రాదు. వరసగా పేర్చి మధ్యది తీసుకోండి. మీ ఐదుగురిలో కొత్తవాణ్ని వార్‌లార్డ్ అనుకుంటే మధ్యది ప్రిన్స్. వంతుకూ వంతుకూ మధ్య నిజంగా మాట్లాడుకునే గుంపైతే ఒక మెట్టు పైకి వెళ్లొచ్చు. నలుగురు చూస్తే ఒకరు చూడనిది దొరుకుతుంది. ఫైలు పడేసి ‘నీ వంతు’ అని మాత్రమే రాసే గుంపైతే మధ్యదే ఉంచండి, ఇంకో మెట్టు దిగినా మంచిదే. మీరు ఆదివారాలు కాల్‌లో కలుస్తామని రాశారు కాబట్టి కింగ్ పెట్టండి. ఆట మధ్యలో డిఫికల్టీ మార్చడానికి ఇందులో వీల్లేదు. అనుమానంగా ఉంటే అదే మెట్టులో 60 టర్న్‌ల నమూనా ఆట ఆడి పారేయండి. టర్న్ 60కి మూడు ఊళ్లు నిలబెట్టలేకపోతే ఆ మెట్టు మీకు ఎక్కువ.

ఇక వరస. టర్న్ 1 నుంచి 20 వరకు కింగ్ గెలిచేవాడికి ఇవ్వండి, 21 నుంచి 40 ఇమ్మోర్టల్ వాడికి. కొత్తవాణ్ని మూడోవాడిగానో నాలుగోవాడిగానో పెట్టండి. అప్పటికి ఊళ్లు రెండో మూడో ఉంటాయి, చేయాల్సింది కంటికి కనిపిస్తుంది. అతన్ని చివర్లో పెట్టే అలవాటు చాలా గుంపులకు ఉంది. మొదటి వంతు రాకముందే నెల గడిచిపోతే అతను మళ్లీ రాడు.

ఇమ్మోర్టల్ వాడితో ఒక చిక్కుంటుంది, అది ఆటలోది కాదు. ప్రతి వంతుకూ ముందు పేజీన్నర ఆదేశాలు రాస్తాడు, మిగతా నలుగురూ అతని మౌస్ అయిపోతారు. దీనికి మందు ఒకటే. సలహా వంతు మొదలవకముందే చెప్పాలి, వంతు మొదలయ్యాక నిర్ణయం ఆడేవాడిది, అయిపోయాక ‘నేనైతే అలా చేసేవాణ్ని కాదు’ అనకూడదు. ఈ మూడూ ఆట మొదట్లోనే ఒప్పుకోండి.

ప్రశ్న: మా గుంపులో ఒకరు ఎపిక్ స్టోర్‌లో 2020లో ఉచితంగా ఇచ్చినప్పుడు తీసుకున్నారు. మిగతా ముగ్గురం స్టీమ్‌లో అన్నీ కొన్నాం. మేం పంపిన సేవ్ ఆయన దగ్గర తెరుచుకోవడం లేదు.
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: స్టీమా ఎపిక్కా అన్నది కాదు అడ్డం. 2020 మేలో ఉచితంగా వచ్చింది మూల ఆట మాత్రమే. మీరు గ్యాదరింగ్ స్టార్మ్ రూల్స్‌తో మొదలుపెట్టి ఉంటారు. ఆ విస్తరణ లేని కంప్యూటర్‌లో ఆ సేవ్ తెరుచుకోదు. కొత్త ఆట సెటప్‌లో పైనే రూల్‌సెట్ అడుగుతుంది. అందరి దగ్గరా ఉన్న కనీసపు రూల్‌సెట్ ఎంచుకోండి, విడిగా కొన్న నాయకులనూ అదనపు మోడ్‌లనూ పక్కన పెట్టండి. మాడ్‌లు (ఆటగాళ్లు తయారుచేసిన మార్పులు) అందరూ ఆపేయాలి, చూపు మార్చేవి కూడా. మెయిన్ మెనూ మూలలో వెర్షన్ నంబరు ఉంటుంది, నలుగురూ దాని స్క్రీన్‌షాట్ పెట్టి పోల్చుకోండి. మ్యాక్ వెర్షన్‌కు అప్‌డేట్లు ఆలస్యంగా వచ్చిన సందర్భాలున్నాయి, అక్కడ ప్రత్యేకంగా చూడండి.

విండోస్‌లో ఫైలు పెట్టాల్సిన చోటు: డాక్యుమెంట్స్, మై గేమ్స్, సిడ్ మైయర్స్ సివిలైజేషన్ 6, సేవ్స్, సింగిల్. ఫైలు కొన్ని ఎంబీలే ఉంటుంది. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపొచ్చు గానీ, పాతదీ కొత్తదీ కలిసిపోతాయి. గూగుల్ డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్ పెట్టుకుని పేరులో టర్న్ నంబరు, తర్వాతివారి పేరు ఉంచితే ఆ గొడవ ఉండదు.

మొదటి వంతుకు ముందు ఒక పని చేయండి. టర్న్ 1 సేవ్‌ను అందరికీ పంపి, అందరూ తెరిచి చూశాకే ఆట మొదలుపెట్టండి. టర్న్ 45లో తెలిసే కంటే అప్పుడు తెలియడం నయం.

ప్రశ్న: స్టాండర్డ్ వేగం 500 టర్న్‌లు. నలుగురం ఉద్యోగస్తులం. ఇది తేలే పనేనా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: 500 అనేది గడువు, అంతదాకా వెళ్లరు. కింగ్ మీద ఓ మోస్తరు గుంపు సైన్స్‌తో గెలవడానికి మా అంచనాలో 250 టర్న్‌ల చుట్టూ పడుతుంది. పదేసి టర్న్‌లకు 25 వంతులు. ‘ఫైలు తీసుకున్నా’ అని చెప్పడానికి 24 గంటలు, ఆడడానికి 48 గంటలు అన్న పాత ఆనవాయితీ పాటిస్తే వంతుకు మూడు రోజులు, మొత్తం 75 రోజులు. అదీ ఎవరూ పెళ్లికో పండక్కో ఊరెళ్లకపోతే.

క్విక్ వేగానికి గడువు 330 టర్న్‌లు. ఖర్చులన్నీ దాదాపు మూడో వంతు తగ్గుతాయి. 17 వంతుల్లో, అంటే రెండు నెలల లోపే తేలుతుంది. ఉద్యోగస్తులకు మేం చెప్పేది ఇదే. ఆన్‌లైన్ వేగం 250 టర్న్‌లు, ఇంకా త్వరగా అయిపోతుంది గానీ ఓ మెలిక ఉంది. ఖర్చులు సగమవుతాయి, సైన్యం నడక మాత్రం అంతే ఉంటుంది. మీ కత్తివీరులు శత్రువు ఊరు చేరేలోగా వాడు తుపాకులు తీస్తాడు. యుద్ధం మీద మోజున్న గుంపుకు ఆన్‌లైన్ పనికిరాదు. ఎపిక్ వేగం 750, మారథాన్ 1500. వంతుల ఆటకు వాటి జోలికి పోవద్దు.

వంతు పొడవు అన్ని కాలాల్లో ఒకేలా ఉంచనక్కర్లేదు. మొదటి ఇద్దరికీ ఇరవయ్యేసి టర్న్‌లివ్వండి, అరగంటలో అయిపోతాయి. ఆ తర్వాత పదేసి. ఊళ్లు పదీ పన్నెండూ అయ్యాక పది టర్న్‌లకు రెండు గంటలు సులువుగా పడుతుంది. అప్పటి నుంచి ఐదుకు దించండి. రాత్రి పదకొండుకు ఆఫీసు నుంచి వచ్చినవాడు రెండు గంటల ఆట ఆడడు, ‘ఎండ్ టర్న్’ నొక్కుకుంటూ పోతాడు. గుంపు ఆటలు పాడయ్యేది ఎక్కువగా అక్కడే.

24 గంటల్లో బదులివ్వకపోతే వంతు తర్వాతివారికి వెళ్లిపోవాలి, మొహమాటం లేకుండా. ఇద్దరు కలిసి వంతులు మార్చుకోవచ్చు. ‘ఫైలు తీసుకున్నా’ అని గ్రూపులో రాయకుండా మాత్రం ఎవరూ ఆడకూడదు. ఒకే ఫైలు ఇద్దరు ఆడితే ఎవరిది అసలుదని తగువు మొదలవుతుంది.

ప్రశ్న: మాలో ఇద్దరికి యుద్ధం కావాలి, ఇద్దరికి గుళ్లూ మ్యూజియమ్‌లూ కావాలి. ఏ విజయం ఎంచుకోవాలి? మొదటి టర్న్‌లోనే ఎంచుకోవాలా?
— పాఠకులు, తిరుపతి

జవాబు: మొదటి టర్న్‌లో ఎంచుకోవద్దు. టర్న్ 60 దగ్గర ఒకసారి కూర్చోండి. అప్పటికి చుట్టూ ఎవరున్నారో, కొండలెక్కడున్నాయో తెలుస్తుంది. ఆ 60 వరకు ఏ దారికైనా ఒకే పని: ఊళ్లు పెంచడం, బార్బేరియన్లను ఆపడం.

వంతుల ఆటలో విజయాన్ని ఎంచుకునేటప్పుడు అడగాల్సింది ఒక్కటి. పథకాన్ని ఒక్క వాక్యంలో రాయగలమా? సైన్స్‌ను రాయగలం. ‘ప్రతి ఊళ్లో మొదటి డిస్ట్రిక్ట్ (ఊరి పేట) క్యాంపస్, అంటే సైన్స్ పేట, వీలైతే కొండల పక్కన.’ ఎవరు వచ్చినా కొనసాగించగలరు. ఒక వంతు పేలవంగా పోయినా పదిహేను టర్న్‌లలో కోలుకుంటుంది. అందుకే మొదటి ఆటకు సైన్స్ అంటాం. ఇది చప్పగా ఉంటుందనే ఫిర్యాదు ఉంది, నిజమే. కానీ మొదటి ఆట పూర్తి చేయడమే ఒక ఘనత.

కల్చర్ అందంగా ఉంటుంది, ఓపిక కావాలి. మీ దగ్గరికి వచ్చే పర్యాటకుల సంఖ్య, ప్రతి దేశపు సొంత పర్యాటకుల సంఖ్యను దాటాలి. నేషనల్ పార్క్‌కు నాలుగు గడులు నిలువు వజ్రం ఆకారంలో, అందం తగ్గకుండా ఉండాలి. టర్న్ 70లో ఒకడు ఆ నాలుగింటిలో ఒకదాని మీద గని తవ్వితే టర్న్ 200లో ఇంకొకడు ఏడుస్తాడు. మ్యాప్ మీద పిన్‌లు గుచ్చి పేర్లు రాసే అలవాటున్న గుంపే దీనికి దిగాలి. ఆ పిన్‌లు సేవ్‌తో పాటే వెళ్తాయి.

మతం దారిలో పోటీ ముందే మొదలవుతుంది. ఎనిమిది దేశాల మ్యాప్‌లో ఐదు మతాలకే చోటు. ఎంపరర్, ఆ పైన మతం స్థాపించే ప్రవక్తను పట్టుకోవడమే ఒక పందెం. దొరికినా ఆ తర్వాతంతా మిషనరీలను గడి గడికీ తోలే పని, పదేసి టర్న్‌లకు చేతులు మారితే విసుగు. డిప్లొమసీ విజయానికి 20 పాయింట్లు కావాలి. ప్రపంచ సభ స్టాండర్డ్ వేగంలో 30 టర్న్‌లకొకసారి. అంటే ముగ్గురిలో ఇద్దరికి సభ రాదు, ఒకడే ఓట్లేస్తాడు.

యుద్ధం ఇష్టమైనవాళ్లను నిరాశపరచనక్కర్లేదు. సైన్స్ ఆటలోనే ఒక పొరుగుదేశాన్ని గెలుచుకునే ఘట్టం పెట్టుకోండి. యుద్ధం వంతు మొదట్లో మొదలవ్వాలి, ముట్టడి మధ్యలో ఫైలు మారకూడదు. క్యాటపల్ట్ ఏ గడిలో ఎందుకు ఆగిందో నోట్‌లో రాయడం కష్టం. ఆ వంతును 15 టర్న్‌లకు పొడిగించి ఒకరినే పూర్తి చేయనివ్వండి.

స్నేహ ఒప్పందంతో జాగ్రత్త. స్టాండర్డ్ వేగంలో అది 30 టర్న్‌లుంటుంది, ఆలోగా యుద్ధం ప్రకటించలేరు. శాంతిప్రియుడు వంతు చివర్లో ఓ ‘సరే’ నొక్కితే తర్వాతి ముగ్గురి చేతులు కట్టేసినట్టే. 30 టర్న్‌ల ఒప్పందం ఏదైనా గ్రూపులో అడిగాకే చేయాలని రూల్ పెట్టుకోండి.

ఏ దారి పట్టినా మిగతా విజయాలను సెటప్‌లో ఆపొద్దు. ప్రతి వంతు మొదట్లో వరల్డ్ ర్యాంకింగ్స్ ఒకసారి తెరిచి చూడండి. ఎవరి కంటా పడకుండా పక్కదేశపు మతం అన్ని చోట్లా సగం ఊళ్లు దాటేసి ఆట ముగిసిపోవడం గుంపుల్లో తరచూ జరుగుతుంది. ఎవరికి వారు ఇంకొకరు చూస్తున్నారనుకుంటారు.

ప్రశ్న: తప్పుడు క్లిక్ పడితే వెనక్కి లోడ్ చేయొచ్చా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సెట్లర్‌ను సముద్రం వైపు పంపబోయి కొండ మీదికి పంపారు, చేయొచ్చు, గ్రూపులో చెప్పి. యుద్ధంలో ఓడిపోయారు, చేయకూడదు. ఆట క్రాష్ అయితే చివరి ఆటోసేవ్ నుంచి. అందుకే ఆటోసేవ్‌ను ప్రతి టర్న్‌కూ పెట్టుకోండి. ‘ఒక్కసారేగా’ అని యుద్ధఫలితం మార్చుకున్న గుంపుకు తాము ఏ డిఫికల్టీకి సరిపోతారో ఎప్పటికీ తెలియదు.

ప్రశ్న: చేతులు మారిన ప్రతిసారీ ఏదో ఒకటి చెడుతోంది. సగం కట్టిన వండర్ (అద్భుత కట్టడం) వదిలేస్తారు, అడవులు నరికేస్తారు, దాచిన గోల్డ్ ఖర్చు పెట్టేస్తారు. నోట్ రాయమంటే ‘అంతా బాగుంది, కానివ్వు’ అని రాస్తున్నారు.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: జరిగిన కథ రాయమంటే అలాగే రాస్తారు. జరగాల్సింది రాయమనండి. ఇదిగో, రోమ్‌తో ఆడుతున్న గుంపు నోట్ ఇలా ఉండాలి:

‘టర్న్ 61 మొదలు. ఎవరినీ కదపలేదు. గోల్డ్ 142, టర్న్‌కు +9, ఇది క్యాటపల్ట్ కొనడానికి, ముట్టుకోవద్దు. రోమ్: సెట్లర్, 3 టర్న్‌లు. ఉత్తరాన ‘4వ ఊరు’ పిన్ దగ్గరికి, వెంట వారియర్ వెళ్లాలి. ఆస్టియా: క్యాంపస్ చోటు పెట్టేశాను, ధర ఖరారైంది. ఇప్పుడు గ్రానరీ నడుస్తోంది, అది అయ్యాక క్యాంపస్. బిల్డర్‌కు ఒక ఛార్జి ఉంది, ఇనుము మీద గనికి. ఆస్టియా పక్క అడవి నరకొద్దు, పిన్ ఉంది. వాయవ్యంలో బార్బేరియన్ స్కౌట్ మన ఊరు చూశాడు, ఆర్చర్ కొండ మీదే ఉండాలి. జర్మనీతో స్నేహం టర్న్ 83 వరకు.’

ఇందులో ప్రతి వాక్యం ఒక పాత గొడవకు జవాబు. ‘ఎవరినీ కదపలేదు’ చూడండి. మొదటివాడు 1 నుంచి 20 దాకా ఆడి, 21 రాగానే ఏమీ ముట్టుకోకుండా సేవ్ చేయాలి. సగం కదిపి సేవ్ చేస్తే తర్వాతివాడికి ఎవరు కదిలారో తెలియదు. యూనిట్లను నిద్రపుచ్చి పంపినా అంతే, ఆ నిద్ర ఎవరూ లేపరు. కాపలాకని పెట్టినవి తప్ప మిగతావన్నీ లేపి పంపండి.

ధర ఖరారు సంగతి చాలామందికి తెలియదు. టెక్నాలజీలు పెరిగేకొద్దీ డిస్ట్రిక్ట్ ధర పెరుగుతుంది. చోటు పెట్టేస్తే ఆనాటి ధరే నిలుస్తుంది, కట్టడం తర్వాత. తెలిసినవాళ్లు చోటు పెట్టి వేరే పనికి మళ్లుతారు. తెలియనివాడు వచ్చి ‘ఎవడో సగంలో వదిలేశాడు’ అనుకుని ముందు అది కట్టేస్తాడు. పని పాడవలేదు గానీ వరస పోయింది.

అడవి నరకడంలోనూ ఇలాంటి లెక్కే. నరికితే ఒకేసారి ప్రొడక్షన్ వస్తుంది, ఆట ముందుకు పోయేకొద్దీ అదే అడవికి ఎక్కువ వస్తుంది. తొందరపడి టర్న్ 30లో నరికినవాడు తన వంతులో మెరుస్తాడు, తర్వాతివాళ్లకు మిగలదు. తన పది టర్న్‌లలోనే ఏదో పూర్తయినట్టు కనబడాలన్న ఆత్రం ఆటగాళ్లందరికీ ఉంటుంది. వండర్‌లు మొదలుపెట్టి వదిలేయడానికీ మూలం అదే. వండర్ విషయంలో మా సలహా కఠినం: 20 టర్న్‌లు పైబడి పట్టే వండర్ గ్రూపు అడిగి మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక అందరూ అనుకుంటే తప్ప ఆపకూడదు.

ప్రొడక్షన్ క్యూను మీ వంతు దాటి నింపొద్దు. పైకి సాయంలా ఉంటుంది. తర్వాతివాడు ఆలోచించకుండా క్యూను నమ్మి ‘ఎండ్ టర్న్’ కొడతాడు.

ప్రశ్న: సేవ్ పంపుకోవడం కంటే ప్లే బై క్లౌడ్ మేలు కదా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: అది వేరే ఆట. అందులో ఎవరి దేశం వాళ్లది, ఒక్కో టర్న్ ఆడి వదిలితే సర్వర్ తర్వాతివారికి చేరుస్తుంది. ఐదుగురు రోజుకు ఒక టర్న్ పూర్తి చేస్తే క్విక్ వేగంలో గడువు దాటడానికి దాదాపు ఏడాది. ఒకే దేశాన్ని కలిసి ఏలాలంటే సింగిల్ ప్లేయర్ సేవ్ చేతులు మార్చడమే దారి. మీలో ఒకరికొకరు పోటీ పడాలనే ఉబలాటం ఉంటే క్లౌడ్ పెట్టి చూడండి.

ప్రశ్న: కింగ్ మీద నిద్రొస్తోంది. ఎంపరర్ మీద రెండు ఆటలూ టర్న్ 90 లోపే చేతులెత్తేశాం. మధ్యలో మెట్టు లేదా?
— పాఠకులు, గుంటూరు

జవాబు: పేరు పెట్టిన మెట్టు లేదు. సెటప్‌లో అర మెట్లు చాలానే ఉన్నాయి. ఎనిమిది దేశాల స్టాండర్డ్ మ్యాప్ తీసుకుని ఇద్దరు ప్రత్యర్థులను తీసేస్తే నేల మిగులుతుంది, ఎంపరర్ కొంచెం మెత్తబడుతుంది. పాంజియాలో అందరూ ఒకే నేల మీద, పొరుగువాడు టర్న్ 40కే గుమ్మంలో ఉంటాడు. ద్వీపాల మ్యాప్ పెట్టండి. సముద్రం దాటి దాడి చేయడంలో కంప్యూటర్ బలహీనం. మళ్లీ అదే కింగ్‌ను కఠినం చేయాలంటే షరతులు పెట్టుకోండి: టర్న్ 100 దాకా వండర్ లేదు, కంప్యూటర్‌కు లగ్జరీలు అమ్మి గోల్డ్ గుంజడం లేదు, లేదా ఊళ్లు నాలుగుకు మించకూడదు. ఒకే ఊరి ఆటకు దిగితే మాత్రం రెండు మెట్లు కిందికి దిగండి.

ఎంపరర్‌లో టర్న్ 90 లోపు ఓడారంటే కారణం దాదాపు ఎప్పుడూ ఈ రెండిటిలో ఒకటి: సైన్యం లేకపోవడం, ఊళ్లు లేకపోవడం. మొదట స్కౌట్, తర్వాత రెండు స్లింగర్‌లు (వడిసెల సైనికులు). ఒక స్లింగర్ చేత ఎవరినైనా చంపించండి, ఆర్చరీకి యురేకా (పరిశోధనలో ఒక్కసారిగా వచ్చే తగ్గింపు) పడుతుంది. మూల ఆటలో సగం, విస్తరణలతో 40 శాతం పరిశోధన దాంతోనే తీరుతుంది. టర్న్ 40కి మూడు ఆర్చర్‌లుంటే పొరుగువాడి మొదటి దండు తిరిగి వెళ్తుంది. బార్బేరియన్ స్కౌట్ మీ ఊరు చూసి శిబిరానికి తిరిగి చేరితేనే దండు బయల్దేరుతుంది కాబట్టి వెనక్కి పోతున్న స్కౌట్‌ను వెంటాడి కొట్టడం సైన్యం పెంచడం కంటే చవక. మొత్తం జనాభా 6 అయితే కల్చర్‌తో సాధించే ఎర్లీ ఎంపైర్‌కు ప్రేరణ (యురేకా లాంటిదే) పడుతుంది, దాంతో వచ్చే కాలొనైజేషన్ కార్డు సెట్లర్ల ప్రొడక్షన్‌కు 50 శాతం కలుపుతుంది. ఆ కార్డు ఉన్నంతసేపు సెట్లర్లే కట్టండి. వంతు మారినప్పుడు కార్డు అలాగే ఉండి పని మాత్రం మారిపోవడం చూస్తుంటాం. కార్డు పేరు కూడా నోట్‌లో రాయాలి.

యుద్ధబలం తేడాకు భయపడనక్కర్లేదు. సమానులు తలపడితే దెబ్బకు 100 ప్రాణంలో సగటున 30 పోతుంది. ఎంపరర్‌లోని 2 పాయింట్ల తేడాకు అది దాదాపు 32. డీటీలోని 4 పాయింట్లకు 35. కొండ మీదో నది వెనకో నిలబడితే ఆ తేడా తీరిపోతుంది.

ప్రశ్న: గుంపుకు ఏ దేశం మంచిది? మాకు చంద్రగుప్తుడితో ఆడాలనుంది.
— ఒక పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: మొదటిసారికి ట్రాజన్ ఏలే రోమ్ సులువు. ప్రతి కొత్త ఊరికీ మాన్యుమెంట్ ఉచితం, ఎవరూ మరచిపోవడానికి లేదు. బాబిలోన్‌ను వదిలేయండి. అక్కడ యురేకాతో టెక్నాలజీ పూర్తిగా దొరుకుతుంది, మామూలు సైన్స్ సగమే. ఏ యురేకా ఎవరు, ఎప్పుడు అన్న పట్టిక ఒక్క బుర్రలో ఉంటేనే నడుస్తుంది, ఐదు బుర్రల్లో నడవదు.

చంద్రగుప్తుడు బాగానే ఉంటాడు. రైజ్ అండ్ ఫాల్ విస్తరణ అందరి దగ్గరా ఉండాలి. మెట్ల బావి మన దేశపు ప్రత్యేక నిర్మాణం, తిండీ ఇళ్ల చోటూ ఇస్తుంది. కొండగుట్టల మీద కుదరదు, ఇరిగేషన్ వచ్చాక చదును నేల చూసి పిన్ వేయండి. ‘వారు’ అనే ఏనుగు దళం పక్కన నిలబడిన శత్రువు బలం 5 తగ్గుతుంది, రెండు ఏనుగులు ఆనుకుంటే 10. గుంపులో ఎవరి చేతికొచ్చినా ఏనుగులను విడదీయొద్దని రాసుకోండి.

చంద్రగుప్తుడి అసలు బలం, కల్చర్‌తో సాధించే మిలిటరీ ట్రైనింగ్ వచ్చాక ప్రకటించే విస్తరణ యుద్ధం. ప్రకటించాక మొదటి 10 టర్న్‌లు సైన్యానికి 2 అడుగుల నడక, 5 బలం అదనం. శత్రువు ఊళ్లు రెండు మీ ఊళ్లు రెండింటికి 10 గడుల లోపు ఉండాలి. మీ వంతు పది టర్న్‌లైతే ఆ పదీ ఈ పదీ ఒకటే. కాబట్టి ముందు వంతువాడు సైన్యాన్ని సరిహద్దు దాకా తెచ్చి ఆపాలి, యుద్ధం ప్రకటించకూడదు. తర్వాతివాడు ఫైలు తెరిచిన మొదటి టర్న్‌లో ప్రకటించాలి. ముందువాడు ఊరుకోలేక తన వంతు ఎనిమిదో టర్న్‌లో ప్రకటిస్తే మూడు టర్న్‌లు నడకకే పోతాయి, తర్వాతివాడికి ఏడే మిగులుతాయి.